రెండు రూపాయి బిళ్ళలు, ఒక వైరస్: కంప్యూటర్‌లో జీవశాస్త్రం మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఈ శీర్షికలో, బతికున్న కణంలో జరిగే పనుల్ని నియమాలుగా రాసి కంప్యూటర్‌లో నడిపి చూసే పద్ధతుల గురించి నాలుగు పేరాలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఐదు తీసుకున్నాను. పేర్లు వేయొద్దని ఇద్దరు అడిగారు, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడు చదువుతున్నాను. లెక్కలంటే భయంతోనే ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను. ఇప్పుడు మా మేడం ప్రాజెక్టుకి ఫార్మల్ మోడల్ చేయమంటున్నారు. పుస్తకంలో బాణాలు గీసిన బొమ్మ కూడా మోడలే కదా, ఫార్మల్ అంటే ఇంకేం కావాలి? ఇది నా వల్ల అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
(విద్యార్థిని, కాకినాడ)

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టమ్మా. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా అమ్మాయి ఈడుదానివి. పుస్తకంలో బొమ్మ ఉంటుంది చూడు, ఈ ప్రొటీన్ ఆ జన్యువుని ఆపుతుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది అని, అది చూసి మనకి అంతా అర్థమైపోయిందనుకుంటాం. ఆ బొమ్మని యథాతథంగా కంప్యూటర్‌కి ఇస్తే అది ఒక్క అడుగు కూడా వేయలేదు. ఎందుకంటే రెండు బాణాలు ఒకే చోటికి వస్తే ఏది నెగ్గుతుంది, ఏది ముందు జరుగుతుంది, మొదట్లో ఎవరు పనిలో ఉన్నారు, ఇవేవీ ఆ బొమ్మలో ఎవరూ రాయలేదు. ఆ రాయనివన్నీ రాసేసి, ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చేలా, ఎవరు నడిపినా అవే నియమాల మీద నడిచేలా చేస్తే అదే ఫార్మల్ మోడల్.

చేసి చూద్దాం, అప్పుడు తెలుస్తుంది. లాంబ్డా అని ఒక వైరస్ ఉంది, అది మన పేగుల్లో ఉండే ఈ-కోలి బ్యాక్టీరియాలోకి దూరుతుంది. దూరాక దాని ముందు రెండు దారులు. గబగబా తన కాపీలు చేసుకుని, కణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చేయడం ఒకటి. తన డీఎన్ఏని బ్యాక్టీరియా డీఎన్ఏలో కలిపేసి తరాల తరబడి చప్పుడు చేయకుండా అందులోనే ఉండిపోవడం రెండోది. ఏ దారి పట్టాలో తేల్చడంలో సీఐ, క్రో అనే రెండు ప్రొటీన్లు ముఖ్యం. సీఐ ఉంటే క్రోని తయారు కానివ్వదు, క్రో ఉంటే సీఐని తయారు కానివ్వదు. సీఐ గెలిస్తే వైరస్ లోపలే ఉండిపోతుంది, క్రో గెలిస్తే కణం పగులుతుంది.

రెండు రూపాయి బిళ్ళలు తీసుకుని బల్ల మీద పెట్టు. ఎడమది సీఐ, కుడిది క్రో. బొమ్మ పైన ఉంటే ఆ ప్రొటీన్ తయారవుతున్నట్టు, బొరుసు ఉంటే లేనట్టు. నియమం ఒకటే, పక్క బిళ్ళ బొమ్మయితే ఇది బొరుసవ్వాలి, పక్కది బొరుసైతే ఇది బొమ్మవ్వాలి. వైరస్ ఇప్పుడే లోపలికొచ్చింది కాబట్టి రెండూ బొరుసులే. రెండు చేతులతో రెండింటినీ ఒకేసారి మార్చు. రెండూ బొమ్మలయ్యాయి కదా. మళ్ళీ నియమం చూసి మార్చు, రెండూ బొరుసులు. ఇలా పొద్దుగూకేదాకా తిప్పినా వైరస్ ఏ దారీ పట్టదు.

ఈసారి మళ్ళీ రెండు బొరుసులతో మొదలుపెట్టి ఒక్కో బిళ్ళనే మార్చు. ఎడమది ముందు మార్చావనుకో, అది బొమ్మయింది. ఇప్పుడు కుడిదాన్ని చూడు, పక్కది బొమ్మ కాబట్టి అది బొరుసుగానే ఉండాలి, అలాగే ఉంది. ఇక కదిలేదేమీ లేదు, సీఐ గెలిచింది. కుడిది ముందు మార్చి ఉంటే క్రో గెలిచేది. ఎవరు ఎవర్ని ఆపుతారన్న నియమం మనం ముట్టుకోలేదు, "ఒకేసారి" అన్న ఒక్క మాట తీసేశాం. దాంతో అంతులేని ఊగిసలాట పోయి, నిజం వైరస్‌లో కనిపించే రెండు దారులూ వచ్చాయి. కణంలో గంట కొట్టి అందర్నీ ఒక్కసారే కదిలించేవాళ్ళు ఎవరూ లేరు, కాబట్టి ఆ ఊగిసలాట మనం మోడల్‌లో తెలియకుండా పెట్టుకున్నది. బాణాల బొమ్మ ముందు ఎన్నాళ్ళు కూర్చున్నా ఈ సంగతి బయటపడదు, బిళ్ళలు తిప్పితే రెండు నిమిషాల్లో బయటపడింది. అందుకే నాకు ఈ పద్ధతి అంటే ఇంత ఇష్టం.

జన్యువుల్ని ఇలా ఉంది-లేదు లెక్కలో పెద్ద వలలుగా కట్టి, అన్నిటినీ ఒకేసారి మారుస్తూ నడిపి చూసినవారు అమెరికాలో స్టువర్ట్ కౌఫ్మన్, 1969లో. బ్రసెల్స్‌లో రెనే థామస్ లాంబ్డా వైరస్ మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. 1973లో జన్యువుల లాజిక్‌ని ఒక పద్ధతిగా రాసి, ఆ తర్వాత ఒక్కోటి ఒక్కో సమయంలో మారే దారిని బాగా ముందుకు తీసుకెళ్ళారు.

మరి కాలిక్యులస్ ఎక్కడ కావాలంటావా? వేగాలు కొలిచి చేతిలో పెట్టుకున్న చోట. స్క్విడ్ అనే సముద్రజీవిలో ఒక నరం పోగు కంటికి కనపడేంత లావుగా ఉంటుంది, దాంట్లో కరెంటు ఎలా పరిగెడుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ కొలిచి, 1952లో సమీకరణాలుగా రాశారు. అప్పుడు కేంబ్రిడ్జిలో ఉన్న కంప్యూటర్ మార్పుల కోసం ఆరు నెలలు ఆపేశారు. హక్స్‌లీ పిడి తిప్పే లెక్కల మిషన్ ముందు కూర్చుని వారాల తరబడి చేత్తో తిప్పి ఆ లెక్క పూర్తి చేశారు. 1963లో నోబెల్ వచ్చింది. వాళ్ళ దగ్గర కొలతలున్నాయి కాబట్టి ఆ దారి కుదిరింది. జన్యువుల విషయంలో చాలాసార్లు ఎవరు ఎవర్ని ఆపుతారో తెలుస్తుంది కానీ ఎంత వేగంగా అన్నది తెలియదు. అలాంటప్పుడు లేని అంకెలు ఊహించి సమీకరణంలో పెట్టడం కన్నా ఉంది-లేదు లెక్కే నిజాయితీగా ఉంటుందని నా అభిప్రాయం.

నీ ప్రాజెక్టుకి ఈ వైరస్‌నే తీసుకో. మూడో బిళ్ళ ఒకటి కలుపు, అది అతినీలలోహిత కాంతి. కాంతి పడితే కణంలో జరిగే మార్పుల వల్ల సీఐ ప్రొటీన్ తెగిపోతుంది, ఇది నిజంగా జరిగేదే. సీఐ గెలిచిన స్థితిలో మొదలుపెట్టి, కాంతి వేసి, తర్వాత తీసేసి చూడు. కాంతి తీసేసినా వైరస్ మళ్ళీ పాత స్థితికి ఎందుకు రాదో రెండు పేజీల్లో రాస్తే అది మంచి ప్రాజెక్టు. కాలిక్యులస్ అక్కర్లేదు.

ప్రశ్న: పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మీరు మోడల్ చెకింగ్ అన్నారు. అది చిప్‌లకీ, విమానాల సాఫ్ట్‌వేర్‌కీ వాడేది కదండీ, పురుగుల మీద దాంతో పనేంటి?
(టెస్ట్ ఇంజినీర్, హైదరాబాద్)

జవాబు: మీకు ఇది చెప్పడం తేలిక. మీరు వెయ్యి టెస్ట్ కేసులు రాసి అన్నీ పాసైనా, వెయ్యిన్నొకటో దాంట్లో బగ్ ఉండొచ్చన్న భయం రిలీజ్ రోజు వరకూ పోదు కదా. మోడల్‌ని కంప్యూటర్‌లో నడిపి చూడటం, అంటే సిమ్యులేషన్ కూడా అంతే, ఎన్నిసార్లు నడిపితే అన్ని దారులే చూసినట్టు. మోడల్ చెకింగ్ మోడల్ వెళ్ళగలిగిన ప్రతి స్థితికీ వెళ్ళి, ఫలానాది ఎప్పటికీ జరగదు అనో, జరిగే దారి ఇదిగో అనో చూపిస్తుంది. ఈ పద్ధతికి పునాది వేసినందుకు క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకి కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు (2007) వచ్చింది, అది మీకు తెలిసే ఉంటుంది.

విమానాల మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా, ఇజ్రాయెల్‌లో డేవిడ్ హారెల్ 1983లో ఒక యుద్ధవిమానం ఎలక్ట్రానిక్స్ టీమ్‌కి సలహాదారుగా వెళ్ళారు. ఏ మీట నొక్కితే ఏ స్థితిలో ఏమవుతుందో ఆ ఇంజినీర్లు ఒకరికొకరు చెప్పుకోలేక పడుతున్న అవస్థ చూసి స్టేట్‌చార్ట్ అనే బొమ్మల భాష తయారుచేశారు. తర్వాత ఆయన బృందమే అదే భాషలో కణాల్ని రాయడం మొదలుపెట్టింది. ఆలోచిస్తే కణం కూడా అలాంటిదే, బయట్నుంచి సంకేతం వస్తుంది, తను ఉన్న స్థితిని బట్టి స్పందిస్తుంది, పక్కవాళ్ళకి ఇంకో సంకేతం పంపుతుంది.

ఇక పురుగు. సీ ఎలిగాన్స్ అని ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు, అద్దంలా ఉంటుంది ఒళ్ళు, లోపల కణాలు విడిపోవడం మైక్రోస్కోప్‌లో చూడొచ్చు. దాని పొట్ట కింద వరుసగా ఆరు కణాలుంటాయి. వాటిలోంచి గుడ్లు పెట్టే ద్వారం తయారవ్వాలి. ఆరింటిలో ఏ కణమైనా ఒకటో రకం, రెండో రకం, మూడో రకం, వీటిలో ఏదైనా కాగలదు, కానీ ఆరోగ్యంగా ఉన్న పురుగులో ఎప్పుడూ ఒకే వరుస వస్తుంది, మూడు, మూడు, రెండు, ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని పక్కనే పైన ఉన్న ఒక కణం "నువ్వు కానివ్వు" అని సంకేతం ఇస్తుంది. ఆ సంకేతం బాగా అందినది ఒకటో రకం అవుతూ, అటూ ఇటూ ఉన్నవాళ్ళకి "మీరు నాలా అవ్వొద్దు" అని ఇంకో సంకేతం పంపుతుంది. జాస్మిన్ ఫిషర్, థామస్ హెన్జింగర్, వాళ్ళతో పనిచేసిన జీవశాస్త్రజ్ఞులు దీన్నంతా నియమాలుగా రాసి మోడల్ చెకర్‌కి ఇచ్చారు. కణాలు ఏ క్రమంలో కదిలినా వరుస మారకుండా ఎందుకు ఉంటోంది అని అడిగితే, మొదటి సంకేతానికీ పక్కవాళ్ళకి పంపే సంకేతానికీ మధ్య కొంచెం వ్యవధి ఉండాలి, ఆ వ్యవధి పోతే వరుస చెదిరిపోతుంది అని మోడల్ తేల్చింది. అప్పుడు నిజం పురుగుల్లో చూశారు. మామూలు పురుగుల్లో ఆ ఆలస్యం ఉంది, వరుస చెదిరే రకం పురుగుల్లో లేదు. 2007లో అచ్చయిన పని ఇది. మీ భాషలో అయితే రేస్ కండిషన్, అంటే రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడం. ప్రకృతి దాన్ని ఒక చిన్న ఆలస్యంతో దాటేసింది, మన వాళ్ళు లాక్ పెట్టినట్టు.

ఒక్క ఇబ్బంది, అది కూడా మీకు పాతదే. జన్యువు ఒకటి పెరిగినప్పుడల్లా స్థితులు రెట్టింపు. ఈస్ట్ కణం విడిపోయే చక్రాన్ని 2004లో 11 ముఖ్యమైన భాగాలతో రాశారు, మొత్తం 2,048 స్థితులు, అన్నీ చూసేయొచ్చు. చూస్తే వాటిలో 1,764 స్థితులు ఎటు తిరిగినా చివరికి ఒకే చోటికి, కణం విడిపోకముందు విశ్రాంతిగా ఉండే దశకి చేరుతున్నాయి. ఆ కణం ఎందుకు అంత తొందరగా తప్పు దారి పట్టదో ఆ ఒక్క అంకెలో కనపడింది నాకు. కానీ 11 కాస్తా 30 అయితే స్థితులు 107 కోట్లు దాటతాయి, ఇక అక్కడ్నుంచి ఒక్కోటీ లెక్కపెట్టడం మానేసి తెలివిగా గుంపులు గుంపులుగా పట్టుకోవాలి. మీలాంటివాళ్ళు ఇటు రావాలని నాకు గట్టిగా ఉంది, జీవశాస్త్రజ్ఞులకి టెస్టర్ బుర్ర అరుదుగా దొరుకుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని. కరోనా రోజుల్లో మోడళ్ళ పేరుతో ఎన్నో అంకెలు చెప్పారు, చాలావరకు జరగలేదు. అలాంటప్పుడు ఈ మోడళ్ళని ఎందుకు నమ్మాలి?
(సికింద్రాబాద్)

జవాబు: మాస్టారూ, మీ ఊరి నుంచే మొదలుపెడతాను. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మీ సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. 1902లో నోబెల్ వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆయన మిగిలిన జీవితంలో చాలాభాగం లెక్కలకి పెట్టారన్నది తక్కువమందికి తెలుసు. దోమల్ని మొత్తం చంపడం అసాధ్యం కాబట్టి మలేరియా పోదు అని అప్పటి పెద్దలు వాదించారు. రాస్ 1908లో మారిషస్ మీద ఇచ్చిన నివేదికలోనూ, ఆ తర్వాతా సమీకరణాలతో చూపించింది ఏంటంటే, మొత్తం చంపక్కర్లేదు, మనిషికి ఇన్ని దోమలు అన్న లెక్క ఒక హద్దు కిందకి దిగితే చాలు, జబ్బు తనంతట తానే అణిగిపోతుంది.

దాన్ని 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ముందుకు తీసుకెళ్ళారు. ఇది మీరు నోటితో చేసే లెక్క. దోమ రోగిని కుట్టాక క్రిమి దాని లోపల పెరిగి ఇంకొకరికి అంటడానికి దాదాపు పది రోజులు పడుతుంది అనుకుందాం. రోజుకి నూటికి 90 దోమలు బతుకుతుంటే పదో రోజుకి మిగిలేవి నూటికి 35. గోడలకి మందు కొట్టి ఆ 90ని 80 చేశారనుకోండి, పదో రోజుకి మిగిలేవి 11 కూడా ఉండవు. దోమల సంఖ్యని సగం చేయడం కన్నా వాటి ఆయుష్షు కొంచెం తగ్గించడం ఎక్కువ పని చేస్తుందని ఈ లెక్క చెప్పింది, ఇళ్ళ లోపల గోడలకి మందు కొట్టడం వెనక ఉన్నది ఇదే. ఎక్కడ ఎన్ని కేసులొస్తాయో ఈ మోడల్ చెప్పలేదు, ఎక్కడ చెయ్యి పెట్టాలో చెప్పింది.

కరోనాలో అడిగింది మొదటి ప్రశ్న, ఫలానా తేదీకి ఎన్ని కేసులు అని. వాన పడుతుందని చెప్తే మబ్బు తన దారి మార్చుకోదు. జబ్బు పెరుగుతుందని చెప్తే మనుషులు గడప దాటడం మానేస్తారు, దాంతో లెక్కలో పెట్టిన అంకే మారిపోతుంది. అది తెలిసీ ఒకే అంకెని టీవీలో అంత ధీమాగా చెప్పినవాళ్ళది తప్పే, ఆ విషయంలో మీ కోపం న్యాయమైనది.

ప్రశ్న: మనిషి మొత్తాన్ని కంప్యూటర్‌లో ఎప్పటికి తయారుచేస్తారు?
(పదో తరగతి, కరీంనగర్)

జవాబు: ఇప్పట్లో కాదు నాన్నా. 2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు మైకోప్లాస్మా జెనిటాలియం అనే చిన్న బ్యాక్టీరియా మొత్తాన్ని సిమ్యులేట్ చేశారు, దానికి 525 జన్యువులే. అంత చిన్నదానికే పనిని 28 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి సరిపోయే లెక్క వాడి, అన్నిటినీ కలిపి నడపాల్సి వచ్చింది. మనిషికి ప్రొటీన్లు తయారుచేసే జన్యువులే దాదాపు 20 వేలు. పైన చెప్పిన నులిపురుగు ఉంది చూడు, దానికి నరాల కణాలు 302, ఏది దేనికి తగిలి ఉందో 1986లోనే మ్యాప్ గీసేశారు. అయినా అది నిజంగా పాకినట్టు పాకే పూర్తి మోడల్ ఇంకా రాలేదు. తీగలు ఎక్కడ్నుంచి ఎక్కడికి ఉన్నాయో మ్యాప్ చెప్తుంది, ఏ తీగ ఎంత గట్టిగా లాగుతుందో చెప్పదు. ఇంకా బోలెడు పని మిగిలి ఉంది, నువ్వు పెద్దయ్యేసరికి అయిపోదులే.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్ళు, టైప్ వన్ షుగర్. తనంతట తానే ఇన్సులిన్ ఎక్కువ తక్కువ చేసే పంప్ పెట్టుకోమని డాక్టర్ గారు అంటున్నారు. ఇలాంటివి కంప్యూటర్ రోగుల మీద పరీక్షిస్తారని ఎక్కడో చదివాను. నిజమేనా? వింటేనే భయం వేసింది.
(ఒక అమ్మ, గుంటూరు)

జవాబు: నిజమేనమ్మా, కానీ అక్కడితో ఆగరు. అమెరికాలో వర్జీనియా, ఇటలీలో పాడువా విశ్వవిద్యాలయాలవాళ్ళు కలిసి తయారుచేసిన సిమ్యులేటర్ ఒకటి ఉంది. తిన్నది రక్తంలోకి ఎలా వస్తుంది, ఇన్సులిన్ దాన్ని ఎలా దించుతుంది, సెన్సర్ ఎంత తప్పు చూపిస్తుంది, ఇవన్నీ అందులో సమీకరణాలుగా ఉంటాయి. అందులో 300 మంది లెక్కల మనుషులు, వంద మంది పెద్దలు, వంద మంది టీనేజీ పిల్లలు, వంద మంది చిన్నపిల్లలు, ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కో రకం. ఇన్సులిన్ నడిపే పద్ధతుల్ని జంతువుల మీద పరీక్షించే బదులు దీని మీద పరీక్షించొచ్చని 2008లో అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఇది జంతువుల దశకి బదులు, మనుషుల మీద చేసే ట్రయల్స్‌కి బదులు కాదు. అవి ఆ తర్వాత జరగాల్సిందే.

భయపడాల్సిన మాట కాదు ఇది. రాత్రి రెండింటికి సెన్సర్ తప్పు చూపిస్తే పంప్ ఏం చేస్తుంది, తిన్నదానికి రెండింతలు లెక్కేసి ఇన్సులిన్ ఇచ్చేస్తే ఏమవుతుంది, ఇలాంటివి ఏ పిల్ల మీదా చేసి చూడకూడదు. లెక్కల పిల్లల మీద వేలసార్లు చేసి, పంప్ ఎక్కడ పొరపాటు పడుతుందో ముందే పట్టుకుంటారు.

అయితే మోడల్‌లో పెట్టనిది మోడల్‌కి తెలియదు. ఆ సిమ్యులేటర్ మొదటి రూపంలో, షుగర్ బాగా పడిపోయినప్పుడు దాన్ని పైకి లాగే గ్లూకగాన్ అనే హార్మోన్ లేదు, ఆ తర్వాతి రూపంలో చేర్చారు. పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఒళ్ళు ఇన్సులిన్‌కి స్పందించడం కూడా తర్వాత వచ్చిందే. మీ పాప జ్వరం వచ్చి సరిగా తినని రోజు, స్కూల్లో ఆటల రోజు, పెళ్ళిలో పూర్ణాలూ పులిహోరా కలిపి తిన్న రోజు, వీటి గురించే డాక్టర్ గారిని విడిగా అడగండి. ఈ పంప్‌ని పాప వయసు పిల్లల మీద ట్రయల్ చేశారా, జ్వరం రోజున ఆటోమేటిక్ మోడ్ ఆపాలా ఉంచాలా, సెన్సర్ ఊడిపోతే మనం ఏం చేయాలి, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. జవాబులు కూడా ఆ కాగితం మీదే రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి, మీరు ఇంట్లో లేనప్పుడు వాళ్ళ అమ్మమ్మకి కూడా పనికొస్తుంది.